హెచ్‌ఓలో బాక్స్-ఎన్ వ్యాగన్ చేసి అమ్ముదామని ఉంది: త్రీడీ ప్రింటా, రెసిన్ క్యాస్టింగా, డై కొట్టించాలా?

మణుగూరు_లూప్‌లైన్:

అందరికీ నమస్తే. ఇక్కడ చాలా రోజుల్నుంచి చదువుతున్నా గానీ పోస్ట్ పెట్టడం ఇప్పుడే. విషయం ఏంటంటే మన హెచ్‌ఓ (అసలుకి 87వ వంతు సైజు రైలు మోడళ్లు) గ్రూపులో వ్యాగ్-7 గూడ్స్ ఇంజన్ ఉన్నవాళ్లున్నారు, వ్యాగ్-9 ఉన్నవాళ్లున్నారు, కానీ దాని వెనక తగిలించడానికి మన గూడ్స్ లేదు, ఏదో అమెరికన్ గొండోలాకి (అక్కడి పైకప్పు లేని వ్యాగన్) రెడాక్సైడ్ కొట్టేసి ఇదే బాక్స్-ఎన్ (మన బొగ్గు వ్యాగన్) అనుకోండి అని ఫొటోలు పెడుతుంటాం. మాది సింగరేణి ఏరియా, ఇంటి ముందు నుంచి బొగ్గు రేకులు (ఒక బండికి తగిలించే వ్యాగన్ల వరస) పోతుంటే చూస్తూ పెరిగినోణ్ని, నాకు ఆ గొండోలా చూస్తే ఒళ్లు మండుద్ది. అందుకని నేనే గీయడం మొదలుపెట్టా.

నేను పెట్టుకున్న కొలతలు ఇవి, తప్పుంటే చెప్పండి. అసలు వ్యాగన్ కప్లర్ నుంచి కప్లర్‌కి 10713 మిమీ, అంటే 87తో భాగిస్తే 123 మిమీ. బాడీ ఒక్కటే 9784, మోడల్లో 112.5 వస్తుంది. వెడల్పు 3200కి 36.8, పట్టా మీద నుంచి ఎత్తు 3225కి 37. బోగీ (వ్యాగన్ కింద చక్రాలుండే ఫ్రేము) సెంటర్లు 6524 అంటే సరిగ్గా 75 మిమీ, బోగీ వీల్‌బేస్ 2000కి 23. క్యాడ్ పని దాదాపు అయిపోయింది, శాంపిల్ కూడా ప్రింట్ కొట్టించా, ఫొటో పెట్టా, చూడ్డానికి బానే ఉంది గానీ చేత్తో పట్టుకుంటే అట్టముక్కలా ఉంది, బరువే లేదు, కర్వులో తోస్తే పక్కకి పడిపోతోంది.

కొనడానికి పాతిక ముప్పై మంది ఇంట్రెస్ట్ చూపించారు, అందులో ఎక్కువ మంది ఒక్కొక్కరు పది దాకా కావాలంటున్నారు. నా డౌట్లు: త్రీడీ ప్రింట్, సిలికాన్ అచ్చులో పోసే రెసిన్ క్యాస్టింగ్, ప్లాస్టిక్ అచ్చు కొట్టే డై, ఏ పద్ధతిలో చేస్తే గిట్టుబాటవుద్ది? చక్రాలు ఎక్కడివి వాడాలి? మనది 1676 బ్రాడ్‌గేజ్ కదా, 16.5 ట్రాక్ మీద పెడితే ఎబ్బెట్టుగా ఉంటుందా? కప్లర్ ఏది? ఇంకా నేను అడగాల్సింది మర్చిపోయినవి ఏమన్నా ఉంటే అవి కూడా చెప్పండి.

———

సికిందరాబాద్_పాయింట్స్‌మన్:

వెల్‌కమ్ తమ్ముడూ. నీ కొలతలు కరెక్టే. ముందు బరువు సంగతి చెప్తా, ఎందుకంటే అందరూ అందం చూసుకుని దీన్ని ఆఖర్న పట్టించుకుంటారు.

ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికా రైలు మోడలర్ల సంఘం) వాళ్ల లెక్క హెచ్‌ఓకి ఒక ఔన్స్ బేసు, ఆపైన అంగుళానికి అర ఔన్స్. నీ బాడీ 112.5 మిమీ అంటే నాలుగున్నర అంగుళాలకి కాస్త తక్కువ, కాబట్టి మొత్తం 91 గ్రాములు రావాలి. కవర్డ్ వ్యాగన్ అయితే లోపల నట్లు బోల్టులు పోసి మూత పెట్టేయొచ్చు, నీది నోరు తెరుచుకుని ఉండే వ్యాగన్, ఎక్కడ దాస్తావ్? దారి ఒకటే, ఫ్లోర్ రెండు పొరలుగా చెయ్, మధ్యలో స్టీల్ రేకు పెట్టు. 110 బై 34 సైజులో ఒక మిల్లీమీటరు మందం ముక్క సుమారు 29 గ్రాములు తూగుద్ది. మిల్లీమీటరున్నర పెడితే 44. దానికి బాడీ, చక్రాలు, బోగీలు కలిపితే 80 దాటుద్ది, అది చాలు, ఖాళీ రేకు కూడా పట్టా మీద నిలబడుద్ది. లోడు రేకు కావాలన్నవాళ్లకి బొగ్గు ముక్క విడిగా ఇవ్వు, దాని కింద ఇంకో స్టీల్ ముక్క అతికించి. మరీ బరువు చెయ్యకు, ఇరవై వ్యాగన్లు గ్రేడు ఎక్కాలంటే లోకో చక్రాలు తిరిగిపోతాయ్.

గేజు గురించి బాధపడకు. స్కేలు ప్రకారం 19.26 మిమీ రావాలి, అది నిజమే, మనం 16.5 మీద నడుపుతున్నాం, ముందు నుంచి చూస్తే పట్టా సన్నగా కనిపిస్తది. కానీ 19.26కి ట్రాకు, పాయింట్లు అన్నీ సొంతంగా వేసుకునే ఓపిక ఎవరికుంది? పక్క నుంచి చూస్తే ఏం తెలీదు. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే, బోగీ సైడ్‌ఫ్రేములు స్కేలు ప్రకారం ఎంత దూరంలో ఉండాలో అంత దూరంలోనే పెట్టు, చక్రాలకి దగ్గరగా జరపకు. చాలామంది అక్కడే పాడు చేస్తారు, అప్పుడు బాడీ కింద బోగీ ఇరుగ్గా బొమ్మలాగా కనిపిస్తది.

కప్లర్‌కి కాడీ (అమెరికన్ మోడల్ కప్లర్ల కంపెనీ) 5 నంబరు బాక్సు పట్టేలా చోటు ఇవ్వు. మన సీబీసీకి (అసలు వ్యాగన్ల సెంటర్ బఫర్ కప్లర్) అదే దగ్గర పోలిక.

———

బర్మింగ్‌హామ్_తెలుగు:

పైన అన్న సైడ్‌ఫ్రేముల మాటకి కొనసాగింపు. మన బ్రాడ్‌గేజ్ వ్యాగన్‌కి జర్నల్ సెంటర్లు (ఇరుసు రెండు చివర్ల బేరింగుల మధ్య దూరం) 2260 మిమీ. 87తో భాగించి చూడండి, 26 మిమీ. ఇక్కడ ఇంగ్లండులో డబుల్‌ఓ (బ్రిటిష్ మోడల్ సైజు) వ్యాగన్లకి వాడే పిన్‌పాయింట్ (మొనదేలిన చివర్ల) ఇరుసు పొడవు ఎంతో తెలుసా, 26 మిమీ! అంటే బ్రిటిష్ ఇరుసు కొని పెడితే సైడ్‌ఫ్రేము దానంతటదే సరైన చోట కూర్చుంటుంది. ఇది చూసుకున్న రోజు నాకు పండగే. యూరప్ హెచ్‌ఓ ఇరుసులు పొట్టివి, 24 చిల్లర ఉంటాయి, అవి పెడితే బోగీ ఇరుకైపోతుంది.

చిక్కు చక్రం సైజుతో. అసలు చక్రం 1000 మిమీ, మోడల్లో 11.5 రావాలి. ఇక్కడ మామూలు వ్యాగన్ చక్రాలు పన్నెండున్నర దగ్గర ఉంటాయి, అవి పెడితే వ్యాగన్ అర మిల్లీమీటరు లేచి కూర్చుంటుంది, ఫ్లాంజ్ (చక్రం అంచు) ఫ్లోర్‌కి రాసుకునే ప్రమాదం కూడా ఉంది. పదిన్నరవి దొరుకుతాయి, అవి అర మిల్లీమీటరు కిందికి దించుతాయి. నేనైతే చిన్నవే వాడి బోగీ బోల్‌స్టర్ (బాడీ ఆనే అడ్డదిమ్మ) దగ్గర వాషర్ వేసి ఎత్తు సరిచేస్తా, కప్లర్ ఎత్తు కుదిరితే మిగతాది ఎవడూ కనిపెట్టడు.

———

రెసిన్_రాజమండ్రి:

బ్రో ప్రింటింగే బెస్ట్, డై గియ్యి అని లక్షలు తగలెయ్యకు. ఎంఎస్‌ఎల్‌ఏ (రెసిన్‌ని యూవీ వెలుగుతో పొరపొరగా గట్టిపరిచే) ప్రింటర్‌లో టైమ్ ఎత్తుని బట్టే, ప్లేటు మీద ఒకటి పెట్టినా మూడు పెట్టినా అదే టైమ్, కాబట్టి ప్లేటు నింపి కొట్టు. 50 మైక్రాన్ల లేయర్ చాలు. బాడీని బల్లపరుపుగా పడుకోబెట్టి కొట్టకు, కొంచెం వంచి పెట్టు, సపోర్టులన్నీ లోపలి వైపు, ఫ్లోర్ కింద వచ్చేలా చూసుకో, ఆ మచ్చలు బొగ్గు కింద పోతాయ్. ఆల్కహాల్‌లో కడిగాక పూర్తిగా ఆరనివ్వు, తడి మీదే యూవీలో పెడితే తెల్లగా పాలిపోయినట్టు వస్తది, పక్కలు లోపలికి గుంజుకుంటాయ్ కూడా. ఎక్కువ క్యూర్ చేసినా (యూవీలో గట్టిపరిచినా) పెళుసైపోతది, స్టాంచన్లు (పక్కల మీది నిలువు పట్టీలు) గోరు తగిలితే ఊడొస్తాయ్.

గోడ మందం ఎంత పెట్టావ్? అసలు ప్లేటు మందం స్కేలుకి తెస్తే కాగితమంత కూడా రాదు, అది ఎలాగూ కుదరదు, 0.8 కంటే తగ్గించకు. పై అంచు ఒక్కటి లోపలి వైపు నుంచి ఏటవాలుగా చెక్కినట్టు గీయి, పై నుంచి చూసేవాడికి పల్చగా కనిపిస్తది. ఇది ఫ్రీ టిప్పు.

———

బాలానగర్_క్యావిటీ:

రాజమండ్రి తమ్ముడు చెప్పింది ముప్పై నలభై వ్యాగన్ల వరకు కరెక్టే, నేను కాదనను. కానీ పోస్ట్ పెట్టినాయన లెక్క చూడండి, పాతిక మంది, మనిషికి పది, అంటే 250. లోకో అయితే ఒకడు ఒకటి కొంటాడు, వ్యాగన్ అట్ల కాదు, అది రేకుల్లో పోయే సరుకు, ఒకటి కొన్నోడు నచ్చితే మళ్ల పది కొంటడు. 250 బాడీలు ప్రింట్ చేసుడు, కడుగుడు, సపోర్టులు పీకుడు, సాండ్ పేపర్ కొట్టుడు, 500 బోగీలు మళ్ల దానికి వేరే. ఎవరు చేస్తరు ఇంట్లో కూసొని? ఇంకోటి, రోహిణి కార్తెలో మన దగ్గర కార్‌లో పెట్టిన ప్రింట్ ఎట్ల వంకర తిరుగుతదో అందరికీ తెలుసు.

మరి డై అంటే? నేను టూల్‌రూమ్‌లోనే పనిచేస్తా కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్త. బాక్స్-ఎన్ బాడీ చూడ్డానికి సాదా డబ్బా అనిపిస్తది గానీ ఒక్క పీసుగా కొట్టాలంటే నరకం. నిలువు స్టాంచన్లతోటి ఇబ్బంది లేదు, అవి డై తెరుచుకునే దిక్కే ఉంటయ్. పైన అడ్డంగా పోయే కోపింగ్ (పై అంచు పట్టీ) ఉంది సూడు, తలుపుల కీళ్లున్నయ్, కింద సోల్‌బార్ (అడుగు దూలం) ఉంది, ఇవన్నీ అండర్‌కట్లు (పీసుని డై నుంచి తిన్నగ రానియ్యని చోట్లు). వాటి కోసం నాలుగు దిక్కులా స్లైడర్లు (పక్కకి జరిగే డై ముక్కలు) పెట్టాలె, డై ఖర్చు రెండింతల పైనే అయితది. మాకు వచ్చే కస్టమర్లు క్యాడ్‌లో అందంగ గీసుకుని వస్తరు, డ్రాఫ్ట్ యాంగిల్ (పీసు జారి రానీకి ఇచ్చే వాలు) ఒక్క డిగ్రీ కూడా ఇయ్యరు, పీసు బయటికెట్ల రావాలె?

అందుకే నా మాట: బాడీని ప్లేట్లుగా విడగొట్టు. రెండు సైడ్లు, రెండు ఎండ్లు, ఒక ఫ్లోర్. అన్నీ పడుకోబెట్టి ఒకే ఫ్యామిలీ డైలో (అన్ని ముక్కలకి కలిపి ఒకటే డై) కొట్టొచ్చు, స్లైడర్ అక్కర్లే, డిటైల్ మొత్తం క్యావిటీ దిక్కు పదునుగా వస్తది, ఎజెక్టర్ పిన్ గుర్తులు లోపలి దిక్కు పోతయ్. మూలలు 45 డిగ్రీల కోత పెడితే అతుకు కనిపించదు. ఏబీఎస్ ప్లాస్టిక్ ష్రింకేజ్ (చల్లారినంక కుంచించుకునుడు) అర శాతం సుమారు అనుకుంటే 112 మిమీ మీద అర మిల్లీమీటరు పైనే పోతది, అది ముందే కలిపి గీయాలె, లేకపోతే సైడు ఒక లెక్క, ప్రింట్ చేసిన ఫ్లోర్ ఒక లెక్క అయి కూసుంటది.

ఇగ అసలు ముచ్చట. బాడీ డై ఇప్పుడు వద్దు. ముందు బోగీకి డై కొట్టించు! క్యాస్నబ్ బోగీ బాక్స్-ఎన్‌కే కాదు, బీసీఎన్ కవర్డ్ వ్యాగన్ కింద అదే, బీటీపీఎన్ ట్యాంకర్ కింద అదే జాతి, ఫ్లాట్ వ్యాగన్ బీఆర్‌ఎన్ కింద కూడా అదే. మోడళ్లకి వచ్చే తేడాలు కళ్లకి ఆనవు. ఒక్కో వ్యాగన్‌కి రెండు కావాలె, బాడీలు చేసుకునేటోళ్లు ఉత్త బోగీలే కొనుక్కుంటరు. చిన్న పీసు, చిన్న డై. అసిటాల్‌లో కొట్టు, జారుడు ప్లాస్టిక్ కాబట్టి పిన్‌పాయింట్‌కి ఇత్తడి బేరింగ్ కూడా అవసరం పడదు, చక్రం ఊదితే తిరుగుతది. ఒక్కటే మైనస్, దానికి పెయింట్ పట్టదు, అందుకని ముడిసరుకులోనే నల్లరంగు కలిపి కొట్టాలె, గమ్ కూడా అంటదు కాబట్టి స్క్రూ బిగింపే.

డబ్బు లెక్క ఊరికే ఉదాహరణకి: డై నాలుగు లక్షలు అనుకో, 200 పీసులు అమ్మితే పీసుకి డై భారమే రెండు వేలు, అదే 2000 పీసులు పోతే రెండొందలు. బాడీ 2000 పోతుందా అంటే నాకు డౌటే. బోగీ పోతది.

———

మణుగూరు_లూప్‌లైన్:

బాలానగర్ అన్నా, ఈ బోగీ ఐడియా నాకు తట్టనే లేదు, థాంక్యూ. అంటే బోగీ డై, బాడీ రెసిన్ క్యాస్టింగ్ అనుకోవచ్చా? ప్రింట్ చేసిన సైడ్లని మాస్టర్‌గా పెట్టి సిలికాన్ మౌల్డ్ పోసుకుంటే? ఎన్ని పీసులొస్తయ్ ఒక మౌల్డ్‌కి?

———

రెసిన్_రాజమండ్రి:

వస్తాయ్ బ్రో, పాతిక ముప్పై తీశాక సిలికాన్ అంచులు చిరగడం మొదలవుద్ది, ముందు పోయేది సన్నటి డిటైలే. మాస్టర్ దాచి పెట్టుకో, మౌల్డ్ పోతే ఇంకోటి పోసుకుంటావ్. బుడగలు రాకుండా ప్రెషర్ పాట్ ఉంటే మంచిది. ఇంకో ముఖ్యమైన సంగతి, ప్రింట్ రెసిన్ మీద ప్లాటినమ్ సిలికాన్ పోస్తే గడ్డకట్టకుండా జిడ్డుగా ఉండిపోతది, మాస్టర్‌ని బాగా క్యూర్ చేసి పైన ప్రైమర్ కోట్ వేసి అప్పుడు పొయ్, లేదంటే టిన్ క్యూర్ సిలికాన్ వాడు.

డై మీద నాకు పగేం లేదు గానీ బాలానగర్ అన్న మాటల్లో బోగీ ముక్క ఒప్పుకుంటా. ప్రింట్ బోగీలు కింద పడితే విరుగుతాయ్, అది నిజం.

———

రాయనపాడు_సీఅండ్‌డబ్ల్యూ:

బాబూ, నేను మోడళ్లు చేసేవాణ్ని కాదు, మా మనవడు ఈ లింకు చూపించాడు. సర్వీసంతా వ్యాగన్ల కిందే గడిపాను, అందుకని అసలు వ్యాగన్ ఎలా ఉంటుందో కొన్ని ముక్కలు చెబుతాను, మీకు పనికొస్తే వాడుకోండి.

మీ ఫొటోలో వ్యాగన్ మరీ తిన్నగా ఉంది. అలాంటిది కొత్తగా ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడే చూస్తాం. నడిచే వ్యాగన్‌కి పక్కలు స్టాంచన్ల మధ్యలో బయటికి ఉబ్బుతాయి, ఎందుకంటే లోడింగు చేసే మిషను బకెట్ లోపల్నుంచి తగులుతుంది, పై కోపింగ్ ఒకటి రెండు చోట్ల వంగి ఉంటుంది. తలుపుల మీద ప్యాచ్‌లు ఉంటాయి, సిక్‌లైన్లో (పాడైన వ్యాగన్లు బాగుచేసే లైను) రేకు ముక్క వెల్డింగు పెట్టి చుట్టూ రెడాక్సైడ్ పూస్తారు, ఆ ముక్క మాత్రం కొత్త రంగులో మెరుస్తుంటుంది. మీరు పది వ్యాగన్ల సెట్టు అమ్మేట్టయితే రెండిటికైనా ఉబ్బు పెట్టండి, రేకు చూడ్డానికి నిజంగా ఉంటుంది.

లోపల రంగు వెయ్యకండి. లోపలంతా తుప్పు, బొగ్గు దుమ్ము. టిప్లర్‌లో వ్యాగన్‌ని మొత్తంగా తిరగేసి ఖాళీ చేస్తారు, మూలల్లో మాత్రం కొంచెం బొగ్గు అంటుకుని మిగులుతుంది.

చివర్లలో హోస్ పైపులు మర్చిపోవద్దు. రెండు పైపుల వ్యాగన్ అయితే బ్రేకు పైపుకి ఆకుపచ్చ, ఫీడు పైపుకి తెలుపు. పక్కన ఎంప్టీ-లోడ్ హ్యాండిల్ ఉంటుంది, ఖాళీగా వెళ్లేటప్పుడు ఒక వైపు, లోడుతో వెళ్లేటప్పుడు ఇంకో వైపు తిప్పుతాం, లేకపోతే ఖాళీ వ్యాగన్‌కి బ్రేకు ఎక్కువై చక్రాలు పట్టేస్తాయి. దాన్ని విడి ముక్కగా ఇస్తే బొగ్గు పెట్టుకున్నవాళ్లు లోడు వైపు, ఖాళీ రేకు వాళ్లు ఎంప్టీ వైపు అతికించుకోవచ్చు.

రాతల సంగతి. 11 అంకెల నంబరు ఉంటుంది కదా, మొదటి రెండు వ్యాగన్ రకం, తర్వాత రెండు ఏ రైల్వేదో, ఆ తర్వాత రెండు తయారైన సంవత్సరం, తర్వాత నాలుగు దాని సొంత నంబరు, చివరిది చెక్ డిజిట్. ఆ చివరి అంకె ముందు పదింటి నుంచి లెక్క కట్టి వచ్చేది, ఇష్టమొచ్చినట్టు వెయ్యకూడదు, కాబట్టి ఊహించి రాయకుండా ఫొటోల్లో ఉన్న నిజం నంబర్లే తీసుకోండి. నంబర్లన్నీ ఒకే రైల్వేవి వెయ్యకండి. వ్యాగన్లు దేశమంతా తిరిగేవి, ఒక్క రేకులోనే దక్షిణ మధ్యవి, తూర్పు కోస్తావి, ఆగ్నేయవి, ఉత్తరవి అన్నీ కలిసే ఉంటాయి. టేరు (ఖాళీ వ్యాగన్ బరువు), పీఓహెచ్ (వర్క్‌షాపులో చేసే పెద్ద మరమ్మతు) ఎక్కడ ఎప్పుడు చేశారు, రిటర్న్ డేట్ ఎప్పుడు, ఇవి తెల్లటి స్టెన్సిల్‌తో ఉంటాయి. వాటి పక్కనే మావాళ్లు సుద్దముక్కతో గీసిన గీతలు.

———

సికిందరాబాద్_పాయింట్స్‌మన్:

సార్, మీరు రోజూ రాయాలి ఇక్కడ, దండాలు. ఎంప్టీ-లోడ్ హ్యాండిల్ విడి ముక్క ఐడియా మాత్రం అదిరింది.

డెకాల్స్ (మోడల్ మీద అతికించే రాతలు) గురించి తమ్ముడికి ఒక మాట: మామూలు లేజర్, ఇంక్‌జెట్ ప్రింటర్లు తెలుపు వెయ్యలేవు, మన వ్యాగన్ మీద ఉన్నదంతా తెలుపే. తెల్ల టోనర్ ఉన్న ప్రింటింగ్ వాళ్లని పట్టుకోవాలి, లేదా స్క్రీన్ ప్రింట్. షీటుకి కనీసం పాతిక నంబర్లు వెయ్, రేకులో ఒకే నంబరు రెండుసార్లు కనిపిస్తే మనవాళ్లు వదలరు. ప్యాడ్ ప్రింటింగ్ నీట్‌గా ఉంటది గానీ ప్రతి నంబరుకి ఒక ప్లేటు చేయించాలి, ఈ సైజు బ్యాచ్‌కి దండగ.

———

ట్యాంకర్_ప్రియుడు:

బ్రో ఇవన్నీ ఎందుకు, డిజైన్ చైనాకి పంపించేసి రెడీమేడ్‌గా చేయించుకుంటే అయిపోద్ది కదా, అందరూ అదే చేస్తారు. ఇంకా చేస్తే బాక్స్-ఎన్‌హెచ్‌ఎల్ చెయ్, ఇప్పుడు లైన్లో కొత్తగా కనిపించేవి అవే.

———

బాలానగర్_క్యావిటీ:

తయారైన ఆటబొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి పెంచిన్రు, 2023లో 70 చేసిన్రు. స్కేల్ మోడళ్లు కూడా ఆ ఖాతాలోకే వస్తయ్. అక్కడ వెయ్యికి చేయించింది ఇక్కడికొచ్చేసరికి ఎంత అయితదో నువ్వే లెక్క కట్టు. పైగా వాళ్లు అడిగే మినిమమ్ ఆర్డర్ మనం జన్మలో అమ్మలేం.

ఇక్కడ చేసినా ఒకటి చూసుకోవాలె, 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకి బీఐఎస్ మార్కు తప్పనిసరి. ఇది పెద్దోళ్ల కలెక్షన్ మోడల్ అని డబ్బా మీద స్పష్టంగ రాయాలె, అమ్మేటప్పుడు బొమ్మ అనే మాటే వాడొద్దు. తెలిసిన సీఏని ఒకసారి అడుగు, నా మాట మీద పోకు.

———

మణుగూరు_లూప్‌లైన్:

ట్యాంకర్ బ్రో, హెచ్‌ఎల్ 250 మిమీ పొడుగు, మోడల్లో దాదాపు 3 మిమీ తేడా, పక్కలు కూడా వేరే రకం, అంటే పూర్తిగా వేరే మాస్టర్. మా ఊళ్లో నేను చూస్తూ పెరిగింది పాత బాక్స్-ఎన్, మొదట అదే. బోగీలు తయారయ్యాక హెచ్‌ఎల్ ఎంత పని.

ఇప్పటికి ఇలా అనుకుంటున్నా: బోగీ డై బాలానగర్‌లో కొటేషన్ తీసుకుంటా, ఇరుసులు 26 మిమీ, చక్రాలు పదిన్నర, బాడీ ప్లేట్లుగా విడగొట్టి రెసిన్, మధ్యలో స్టీల్ రేకు మిల్లీమీటరున్నర. మొదటి బ్యాచ్ యాభై, అందులో ఒక మాస్టర్ ఉబ్బిన పక్కలతో. ముందు డబ్బులు తీసుకోను, శాంపిల్ చేత్తో పట్టుకుని చూశాకే బుకింగు. ధర మాత్రం ఇప్పుడే చెప్పను, డై లెక్క తేలాలి.

రాయనపాడు సార్, ఒక్క డౌటు. ఎంప్టీ-లోడ్ హ్యాండిల్ వ్యాగన్‌కి రెండు పక్కలా ఉంటుందా, ఒక పక్కేనా? నా డ్రాయింగ్‌లో ఒక పక్కే ఉంది.

———

రాయనపాడు_సీఅండ్‌డబ్ల్యూ:

రెండు పక్కలా ఉంటుంది బాబూ, ఏ పక్క నుంచి నడిచినా తిప్పడానికి వీలుగా. మీ దగ్గర్లో సైడింగులో రేకు ఆగినప్పుడు పర్మిషన్ తీసుకుని రెండో పక్కకి కూడా వెళ్లి ఫొటో తియ్యండి, ఆగిన రేకు కింద నుంచి మాత్రం దూరకండి.